కిటికీ ఆవిడ

జూన్ 3

డాక్టరమ్మ ఏదో బొమ్మ చూపించింది. కంటి నుంచి మెదడుకు పోయే నరం ఎండిపోతోందట. గ్లాకోమా. రెండు కళ్ళకూ. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని ఎంతకాలం నిలబెట్టగలమో చూద్దాం అంది.

"మీరు చూడండి డాక్టర్‌గారూ, ఇక నావల్ల కాదుగా" అన్నాడు తమ్ముడు. ఆవిడ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. వాడొక్కడే నవ్వాడు.

మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోడు.

"అక్కా, ఆఫీసులో ఎవరికీ చెప్పకు."

"ఆఫీసులో నాకెవరు తెలుసురా?"

"ఫోన్ నువ్వే ఎత్తుతావుగా. ఎవరైనా అడిగితే జలుబను. పనొక్కటీ పోతే ఇంక నాకేం లేదు."

ఇంటికొచ్చాక నడవలోని స్టూలు తీసి వంటింట్లో పెట్టాను. ఈ మధ్య ఊరికే దానికి మోకాలు కొట్టుకుంటున్నాడు. పరధ్యానం అనుకున్నాను.

ప్రార్థనలో ఒక్కటే అడిగాను. వాడి చూపు.

జూన్ 4

చుక్కలు మొదలుపెట్టాం. తల వెనక్కి వాల్చి చిన్నప్పటిలాగే కళ్ళు బిగించేస్తాడు. "తెరవరా" అంటే "తెరిచాను" అంటాడు. తెరవడు.

జూన్ 9

ఇవాళ పక్కన కుర్చీ వేయించి కూర్చోమన్నాడు.

తమ్ముడేం చేస్తాడని ఎవరైనా అడిగితే "కట్టని ఇళ్ళకి ఫొటోలు తీస్తాడు" అనేదాన్ని. ఆ మాట నాకు మరదలు నేర్పింది. అంతకుమించి నాకు తెలియదు. కంప్యూటర్లో గది కట్టి, అందులో సోఫా వేసి, ఎండ పెట్టి, కెమెరా పెడతాడు. మిషను గంటలకొద్దీ మూలిగి బొమ్మ తీస్తుంది. ఆ బొమ్మ ఒకే బొమ్మ కాదని ఇవాళ తెలిసింది. పొరలు పొరలుగా వస్తుంది. ఒక్కో పొరనూ పాస్ అంటాడు. తర్వాత ఒకదాని మీద ఒకటి పరిచి సరిచేస్తాడు.

"ఒకేసారి తీస్తే ఏం పోయింది?"

"రేపు వాడు గోడ రంగు మార్చమంటాడు. మొత్తం మళ్ళీ వండాలి. ఇలాగైతే ఉప్పు ఒక గిన్నెలో, కారం ఒక గిన్నెలో ఉన్నట్టు. ఏది తక్కువైతే అది కలుపుకోవడమే."

"ఆ కూర ఎవరు తింటారు?"

"బిల్డర్లు. ఎప్పుడూ బాగుందనరు."

ఒక్కొక్కటే తీసి చూపించాడు. రంగుల పాస్‌లో గది ఉంటుంది గానీ ప్రాణం ఉండదు. మెరుపుల పాస్ అంతా చీకటి, గచ్చూ గాజూ మాత్రం మెరుస్తుంటాయి. నీడల పాస్ తెల్లకాగితం మీద బూడిద మరకల్లా ఉంటుంది. దూరం పాస్‌లో దగ్గరున్నవి తెల్లగా, దూరం పోయేకొద్దీ నల్లగా. ఇంకొకటుంది, సోఫా ఎర్రగా, గోడ ఆకుపచ్చగా, పరదా నీలంగా, ఏ వస్తువుకి ఆ రంగు పూసేసి. ఏ వస్తువును పట్టుకోవాలో మిషనుకి చెప్పడానికట. పిల్లల పుస్తకంలా ఉంది. నాకదే నచ్చింది.

"నాకూ ఇప్పుడదే తెలుస్తోంది బాగా" అన్నాడు. "నీడలు తెలియట్లేదక్కా. లేత నీడైతే అసలు లేదు. నువ్వు చెప్పాలి."

"ఏం చెప్పను?"

"కుర్చీ కింద చూడు. పొద్దుటి ఎండ నీడా, సాయంత్రం ఎండ నీడా?"

చాలాసేపు చూశాను. "పొద్దుటిదే. కాకపోతే మబ్బు పట్టిన పొద్దు."

నావైపు తిరిగాడు. సరిగ్గా నావైపు కాదు, నా చెవి వైపు. "ఇన్నాళ్ళూ నిన్ను వంటింట్లో కూర్చోబెట్టి తప్పు చేశాను" అన్నాడు.

నడుం పట్టేసి లేచి కిటికీ దగ్గర నిలబడితే, "జరుగక్కా, వెలుగుకి అడ్డం" అన్నాడు. తెర మీద నా నీడ పడుతుందట. వెలుగు విషయంలో వాడికి మొదటి నుంచీ ఇంత చాదస్తం.

జూన్ 10

ఇవాళ నయం.

జూన్ 17

ఇవాళ నయం. మంచినీళ్ళ గ్లాసు తడుముకోకుండా అందుకున్నాడు. నేను దాన్ని రోజూ పెట్టే చోటే పెట్టాననుకో.

జూన్ 24

చెల్లెలు ఫోన్ చేసింది.

"ఏంటక్కా, ఫోన్ ఎత్తడానికి ముహూర్తం చూస్తున్నావా?"

"వాడి దగ్గర పని నేర్చుకుంటున్నానే."

"నువ్వా! కంప్యూటరా! మొన్న నాకు ఫొటో పంపానని నీ బొటనవేలు పంపావు. దాన్ని నేను మీ మరిదికి చూపించి, ఇదీ మా అక్క ఈ మధ్య చిక్కిపోయింది అన్నాను."

నవ్వాను. అది అసలు సంగతికి రావడానికి ఇలా చుట్టూ తిరుగుతుంది.

"వాడి కళ్ళెలా ఉన్నాయి?"

"నయంగానే ఉంది."

"నాతో కూడానా?"

"నయంగానే ఉందే."

"మరదలు పోయినప్పుడు నాలుగు రోజులుండి వస్తానని వెళ్ళావు. రెండేళ్ళయింది. నీ ఇల్లు బూజు పట్టిపోతోంది" అంది.

పట్టనీ అన్నాను.

జూలై 2

వాడు చేసే ప్రతి గదిలోనూ కిటికీ దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. అటు తిరిగి. మనిషి లేకపోతే గది ఎంతుందో చూసేవాడికి తెలియదట. ఆఫీసులో అందరూ ఆమెను కిటికీ ఆవిడ అంటారు. ఎక్కడో కొన్న బొమ్మ అనుకుంటారు.

అది మరదలని మా ముగ్గురు తోబుట్టువులకే తెలుసు.

పెళ్ళయిన కొత్తలో ఈ కిటికీ దగ్గరే నిలబెట్టి, అటూ ఇటూ తిరుగుతూ ఫొటోలు తీసి, వాటితో ఆ బొమ్మ చేశాడు. "నా మొహం మీ బిల్డర్లకెందుకు, వీపు చాలు" అందట. నాకు ఆమే చెప్పింది. "కదలకు, కదలకు అని ఒకటే గోల వదినా, నాకేమో నవ్వాగదు." ఆ నవ్వుకి కుడి భుజం లేచింది. అలాగే ఉండిపోయింది. ఇవాళ బొమ్మను ఇటు తిప్పి చూపించమన్నాను. ముందువైపు ఏమీ లేదు. బోలు.

"అందుకే ఎప్పుడూ అటే తిరిగుంటుంది" అన్నాడు.

ఎర్రదీ ఆకుపచ్చదీ ఉండే ఆ పాస్‌లో ఆమె పసుప్పచ్చ.

జూలై 11

ఆఫీసు పెద్దాయన ఫోన్. తమ్ముడు ఆయన్ని గడువుగారు అంటాడు. నమస్కారం కంటే ముందు "ఎప్పటిలోగా?" అంటారు కాబట్టి. స్పీకరులో పెట్టాడు.

"ఏమయ్యా, జలుబు తగ్గిందా? ఆ టవరు గదుల్లో మనుషుల్ని తీసెయ్యాలి. కొనేవాడు తనని తాను ఊహించుకోవాలట, మధ్యలో పరాయి ఆడమనిషి ఎందుకంటున్నారు. గోడంత పెద్ద బోర్డు వేస్తున్నారు. మూడు రోజుల్లోగా."

"అందర్నీనా సార్?"

"అందరెక్కడయ్యా? నువ్వు పెట్టేది ఒక్కావిణ్ణేగా!"

"సరే సార్."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మౌస్ తిప్పుతూ కూర్చున్నాడు. తెర మీద బాణం ఊరికే తిరుగుతోంది. నేను కాఫీ పెట్టడానికి లేచాను.

జూలై 13

తీసేశాడు. ఒక్క నొక్కు. అంతే.

ఆమె పోయిన చోట కిటికీ పెద్దదయింది.

మళ్ళీ ఏయే పాస్‌లు తీయాలో మిషనుకి చెప్పడానికి చిన్న చిన్న గళ్ళలో టిక్కులు పెట్టాలి. నేను పెడతానంటే వద్దన్నాడు. "ఇది నాకు చేతికే తెలుసు" అన్నాడు. మిషను పని మధ్యాహ్నం దాటాక ముగిసింది.

"ఫోల్డర్లో అన్నీ ఉన్నాయా అక్కా?"

చదివాను. రంగు ఉంది. మెరుపు ఉంది. నీడ ఉంది. దూరం ఉంది.

"అన్నీ ఉన్నాయి."

ఒకదాని మీద ఒకటి పరిచాడు. ఎండ కొంచెం పెంచాడు. గాజులో ఆమె లేదు, గచ్చు మెరుపులో ఆమె లేదు. కానీ గచ్చు మీద, కిటికీ నుంచి కుర్చీ కాళ్ళ దాకా, లేత నీడ ఉంది. మెడ. కుడి భుజం కొంచెం లేచి.

వాడు చెబుతాడని చూశాను. చెప్పలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది."

"ఖాళీగా ఉందా?"

"ఖాళీగానే ఉంది."

ఇన్నేళ్ళ పని వాడిది. వాడికి తెలియకుండా ఉంటుందా? మనిషిని తీసెయ్యమన్నారు, తీసేశాడు. నీడ ఉంచుకున్నాడు. అది వాడి ఇష్టం. తీసెయ్యరా అనడానికి నాకు నోరు రాలేదు.

కళ్ళు బాగానే ఉన్నట్టున్నాయి.

జూలై 14

పంపాడు.

జూలై 22

ఇవాళ నయం.

జూలై 29

ఇవాళ నయం. నడవలో గోడ పట్టుకుని నడుస్తున్నాడు. గోడ చల్లగా ఉంటుందని అన్నాడు.

ఆగస్టు 5

గడువుగారు ఇంటికొచ్చారు. ఆయన్ని మొదటిసారి చూడటం. ఫోన్లో గొంతుకి ఇంత సన్నటి మనిషి ఉంటాడనుకోలేదు. చంకలో చుట్టిన కాగితం ఉంది.

"ఏమయ్యా, ఇది వేళాకోళమా?"

"ఏది సార్?"

"ఎవరో కుటుంబం ఇల్లు చూడ్డానికొచ్చారు. అత్తగారు బోర్డు ముందు నిలబడి, గదిలో ఎవరూ లేరు, ఆ ఆడమనిషి నీడ ఎవరిదీ అంది. ఇంకేముంది, చెప్పులేసుకుని అటు నుంచటే వెళ్ళిపోయారు. ఆ వాచ్‌మన్ కూడా ఇప్పుడు లోపల పడుకోనంటున్నాడట. బిల్డర్లు నన్ను నమిలేస్తున్నారు."

కోపంగా మొదలుపెట్టారు గానీ చెబుతూంటే ఆయనకే నవ్వొచ్చింది. కాగితం విప్పి తమ్ముడి చేతిలో పెట్టారు.

వాడు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపాడు. చదువుతున్నట్టు. తర్వాత కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాడు. అక్కడున్నది నేను. జరిగాను.

"ప్రింటులో రంగు కాస్త చల్లబడింది కదా సార్?"

ఆయన నావైపు చూశారు. బల్ల మీద చుక్కల సీసావైపు చూశారు. నేనిచ్చిన కాఫీ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టారు.

"గచ్చు చూడు."

"గచ్చు బానే ఉందే."

వాడు కాగితం దింపాడు.

"అక్కా. గచ్చు మీద ఏముంది?"

"ఆ అమ్మాయి నీడ."

"పంపేటప్పుడు చూశావా?"

"చూశాను."

"చెప్పలేదేం?"

"నువ్వే ఉంచుకున్నావనుకున్నానురా."

నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. గోడకి ఆనుకుని నవ్వాడు. గడువుగారు కూడా అర్థం కాకుండానే కాస్త నవ్వి ఆపేశారు. "నీడ టిక్కు పడలేదు సార్" అన్నాడు వాడు చివరికి. "పడిందనుకున్నాను. కొత్తది రాలేదు, పాతదే కూర్చుంది అక్కడ."

"అమ్మాయి అన్నారు. ఎవరమ్మా?" అని ఆయన నన్నడిగారు.

"మా మరదలండీ. కిటికీ ఆవిడ."

ఆయన కుర్చీలో కూర్చున్నారు. "అంటే ఇన్నేళ్ళూ అన్ని ఇళ్ళల్లోనూ..."

"అవును సార్" అన్నాడు వాడు. "ఒక్క అద్దె ఇల్లు తప్ప మాకేదీ లేదుగా. అన్నింట్లోనూ కాపురం పెట్టించాను."

ఆయన లేచి వాడి వీపు మీద చెయ్యి వేశారు. "ఎన్నాళ్ళ నుంచయ్యా ఇది? ఒక్క మాట చెప్పాల్సింది. సెలవు తీసుకో. కళ్ళు నయమయ్యాక..."

"నయమవవు సార్."

"ఆ మిషను ఆఫీసుది. పంపిద్దువుగాని. తొందరేం లేదు."

గుమ్మం దాకా వెళ్ళాను. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టలేక రెండుసార్లు తడబడ్డారు. ఎప్పటిలోగా అని ఆయన అనలేదు.

ఆగస్టు 6

నేను చెప్పి ఉంటే వాడు ఒక్క టిక్కు పెట్టేవాడు.

ఆగస్టు 7

చెప్పి ఉంటే ఇంకో బొమ్మలో ఇంకోటి జరిగేది. ఎలాగూ దాగదు. చెల్లెలు అదే అంది. నేనూ అదే అనుకుంటున్నాను.

ఆగస్టు 8

ఒక్క టిక్కు.

ఆగస్టు 19

చెల్లెలు వచ్చి ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. ఆయన కుర్రవాడు. ఓపిగ్గా చూశాడు. ఆ డాక్టరమ్మ అన్న మాటే అన్నాడు, ఇంకాస్త మెల్లగా.

వచ్చేదారిలో చెల్లెలు వాడి చెయ్యి పట్టుకుని, "ఒరే, చిన్నప్పుడు నా జడ లాగి పరిగెత్తేవాడివి, ఇప్పుడు లాగరా చూద్దాం" అంది.

"నీకింకా జడుందా?" అన్నాడు.

దానికి జుట్టు బాగా రాలిపోయింది. ముగ్గురం నవ్వాం. ఆటోలో అది అటు తిరిగి కూర్చుంది.

ఒక కన్ను చాలని అడిగాను ప్రార్థనలో.

సెప్టెంబరు 12

పొద్దున కిటికీ దగ్గర బట్టలు మడుస్తుంటే, "జరుగక్కా, వెలుగుకి అడ్డం" అన్నాడు. తెర ముందు లేడు. మంచం మీద ఉన్నాడు. పనేమీ లేదు. అయినా జరిగాను. సంతోషంగా జరిగాను.

ఇవాళ నయం.

అక్టోబరు 8

రేపు మిషను పట్టుకెళ్తారు. గడువుగారే ఫోన్ చేసి చెప్పారు. కొత్తగా చేరినవాళ్ళకి కావాలట. చాలాసార్లు సారీ అన్నారు.

మధ్యాహ్నం వాడు తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఆ గది తెరువక్కా" అన్నాడు. తెరిచాను. ఇప్పుడు నాకు చేతనవుతుంది.

"రంగు తీసెయ్." తీసేశాను. "మెరుపు తీసెయ్. ఎండ తీసెయ్." ఒక్కొక్కటే తీసేశాను. నీడొక్కటి మిగిలింది. తెల్లటి తెర, బూడిద మరకలు.

మొహం తెరకి ఆనించేశాడు.

"పెంచు."

ముదురు చేశాను.

"ఇంకొంచెం."

చేశాను. కుర్చీ కాళ్ళు కాటుక పూసినట్టయ్యాయి. ఆమె కూడా.

"ఇంకొంచెం అక్కా."

"ఇంక లేదురా. అది చివర."

ఊపిరికి తెర మీద ఆవిరి పట్టింది. "ఎక్కడుంది?" అన్నాడు.

వాడి చూపుడువేలు పట్టుకున్నాను. చేతులు చల్లగా ఉన్నాయి. కిటికీ కింద నుంచి మొదలుపెట్టి గీయించాను. తల. మెడ. ఎడమ భుజం. మళ్ళీ మెడ దగ్గరకు తెచ్చి కుడివైపు. అక్కడ వేలు నేను నడపకముందే పైకి వెళ్ళింది.

"ఆఁ" అన్నాడు.

అక్కడే ఆగాం.

అక్టోబరు 9

పట్టుకెళ్ళారు. ఇద్దరు మనుషులు, ఒక బండి. తెర మీద వేలి గీత ఉంది, తుడిచి ఇవ్వాల్సింది. తుడవలేదు. బల్ల మీద మిషను ఉన్నంత మేరా దుమ్ము లేకుండా నల్లగా ఉంది.

"ఎంత నిశ్శబ్దంగా ఉందక్కా" అన్నాడు. ఆ మూలుగు ఇన్నాళ్ళూ నేను వినడమే మానేశాను. ఇప్పుడు ఇంట్లో మా ఇద్దరి మాటే ఉంది. అదీ తక్కువ.

అక్టోబరు 21

వెలుగూ చీకటీ తెలిస్తే చాలని అడిగాను.

నవంబరు 2

చుక్కలు వేశాను. ఈ మధ్య కళ్ళు బిగించడం లేదు. తెరిచే ఉంచుతున్నాడు.

నవంబరు 3

ఇవాళ

నవంబరు 15

చెల్లెలు ఫోన్. జోకులేమీ వెయ్యలేదు. "నువ్వెలా ఉన్నావక్కా?" అంది. గ్యాస్ మీద పాలున్నాయని పెట్టేశాను. పాలు లేవు.

నవంబరు 26

ప్రార్థనకు కూర్చున్నాను. ఏమీ అడగలేదు. కూర్చుని లేచాను.

డిసెంబరు 4

ఎండ బాగా కాసింది. వాడు కుర్చీ కిటికీకి ఎదురుగా వేయించుకుని కూర్చున్నాడు. మొహం మీద ఎండ పడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

బట్టల బుట్ట పట్టుకుని వెళ్ళి కిటికీకి అడ్డంగా నిలబడ్డాను. మడవడానికని. నా నీడ వాడి మొహం మీద పడింది. ఒక దుప్పటి మడిచాను. ఇంకొకటి మడిచాను. బుట్ట ఖాళీ అయింది. అక్కడే నిలబడ్డాను. కాళ్ళు లాగాయి.

"ఇంట్లోనే ఉన్నావా అక్కా?" అన్నాడు.

"ఉన్నాను."

"సరే" అన్నాడు.

ఎండ వాలేదాకా నిలబడ్డాను. జరగమనలేదు.